ఎడమచేతి వాటం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా ఆడపడుచుకి పూనకం వస్తే అందరూ హారతి పళ్లెం పట్టుకొస్తారు. నేను మాత్రం గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చి పడుకోమంటాను. కాబట్టి ఇది చదివి నన్ను భయస్తురాలి కింద జమకట్టొద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా పప్పు ఏరే పని చేస్తున్నాను. ట్రేలో కలగలుపుగా పోసిన పప్పులోంచి విరగని గుండు పప్పు కుడి పక్కకి, విడిపోయిన బద్దలు ఎడమ పక్కకి చేర్చాలి. మా హాల్లో అందరిదీ ఇదే పద్ధతి. ట్రేలు ఎత్తేవాళ్లు చూడకుండానే కుడివైపుది గుండు డబ్బాలో వంచేస్తారు.

ఒక్క అప్పలమ్మదే తేడా. ఆవిడది ఎడమచేతి వాటం. గుండ్లు ఎడమ పక్కన పడేవి. ఎంత చెప్పినా చెయ్యి తిరగదనేది. అందుకని ఆవిడ ట్రేని మేస్త్రి విడిగా పెట్టించేవాడు. నాకు పని నేర్పింది ఆవిడే. నా పక్క పీటే ఆవిడది.

కిందటేడు ఆవిడకి చూపు తగ్గింది. బద్దలు గుండ్లలో పడుతుంటే కొన్నాళ్లు ఎవరూ చూడకుండా నేనే తీసేసేదాన్ని. ఇంతలో పప్పు ఏరే మెషీను వస్తుందని, మనుషుల్ని తగ్గిస్తారని పుకారు పుట్టింది. ఎవరి పని బాగోలేదని మేస్త్రి నన్ను అడిగాడు. అప్పలమ్మకి కళ్లు కనపడ్డం లేదని చెప్పాను. చెబితే నన్ను ఉంచుతారనుకున్నాను. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

మర్నాటి నుంచి ఆవిణ్ణి రావద్దన్నారు. వానాకాలం వెళ్లేలోపు ఆవిడ పోయింది. దినానికి వెళ్లి భోంచేసి వచ్చాను. ఏడుపు రాలేదు.

చలికాలంలో మెషీను నిజంగానే వచ్చింది. హాల్లో ఓ మూల ప్లాస్టిక్ కవరు కప్పి పెట్టారు. వారం రోజులు అందరి ట్రేలూ చూసి సగం మందినే ఉంచుతామన్నారు. మా ఆయన నడుం పడిపోయి మంచం మీద ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది నా పనితోనే. ఆ వారం నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. ఆఖరికి భయం కూడా పోయింది. చేతులు మొద్దుబారిపోయాయి. ఎవరైనా పిలిస్తే నన్నేనా అని ఆలోచించాల్సి వచ్చేది.

చివరి రోజు మధ్యాహ్నం మూడు దాటింది. ట్రే ముందు కూర్చుంటే గుండుకీ బద్దకీ తేడా తెలియలేదు. అంతా ఒకటే తెలుపు. ఒక్క పలుకు కూడా ఏరకుండా లేచి, బయట కుళాయి దగ్గరకి వెళ్లాను. మొహం కడుక్కుని గోడకానుకుని నిలబడ్డాను. ఇక పని పోయినట్టేనని తేల్చేసుకున్నాను. పది నిమిషాలు ఉన్నానేమో.

తిరిగొచ్చేసరికి ట్రే అంతా ఏరేసి ఉంది. ముప్పావుగంట పని అది. గుండ్లు ఎడమ పక్కన, బద్దలు కుడి పక్కన.

నేను ముట్టుకోలేదు. అప్పుడే మేస్త్రి వచ్చాడు. ట్రే ఎత్తబోయి ఆగాడు.

“ఏటే ఇది, తిరగేసి పెట్టినావు?”

వంగి చూశాడు. గుండ్లలో ఒక్క బద్ద లేదు. కాసేపు నా మొహంలోకి చూసి, ట్రే విడిగా పెట్టించి ముందుకెళ్లిపోయాడు.

నేను లేచాక ఇక్కడ కూర్చున్నదెవరని ఎదురు పీట మీది కుంతిని అడిగాను. కుంతి పని ఆపకుండానే జవాబిచ్చింది.

“నువ్వు లెగనేదు కదే. ఎడం సేత్తో ఏరతన్నావు. కుడి సెయ్యి నొప్పేమో అనుకున్నాను.”

మొహం తుడుచుకున్న నా కొంగు అప్పటికింకా తడిగానే ఉంది. ఎవరో జాలిపడి చేసిపెట్టారనుకోవడానికీ లేదు. ఆ రోజు ఎవరి ట్రే వాళ్లకి ప్రాణం. నేనే మతిలేక ఎడమచేత్తో ఏరానేమోనని ఇంటికెళ్లి చాటలో వేరుశనగ పలుకులు పోసుకుని చూశాను. చారెడు ఏరేసరికి వేళ్లు పట్టేశాయి.

నన్ను ఉంచారు. కుంతిని తీసేశారు. నాకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు.

ఆ ఆదివారం అప్పలమ్మ కూతురి ఇంటికి వెళ్లాను. ట్రే సంగతి ఎత్తలేదు. మీ అమ్మ పని పోయింది నా మాట వల్లేనని మాత్రం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. బియ్యం చెరుగుతున్న ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు.

“అమ్మకి ఆ రోజే తెలుసు పిన్నీ. మేస్త్రి సెప్పీసినాడు. నీతో అనొద్దని నా సేత ఒట్టేయించుకుంది.”

తెలిసి కూడా అప్పలమ్మ, పోయేలోపు రెండుసార్లు మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్లింది. మా ఆయన నడుం ఎలా ఉందని అడిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. పగబట్టి వచ్చి నా ట్రే కలిపేసి పోయిందంటే నాకు అర్థమయ్యేది. ఏరిపెట్టి వెళ్లడమేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.