మా పెద్దనాయన గీసిన సముద్రం

మా పెద్దనాయన పోయి పన్నెండు రోజులైంది. వరసకు పెద్దనాయన, అసలు బొంబాయిలో మేముండే ఒంటిగదుల చాల్‌లో మా పక్క ఖోలీ మనిషి. పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అలాగే వెళ్లిపోయాడు. పెద్దమ్మ గోడ కొట్టి పిలిస్తే పరుగెత్తాను. ఏడవాల్సిన నేను ఈ పన్నెండు రోజుల్లో సగం కోపంతోనే గడిపాను. ఆ కోపం సంగతి చెప్పకుండా ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

ఫోటో దిగేవాళ్ల వెనక స్టూడియోలో కట్టే పెద్ద తెరలు గీయడం ఆయన పని. ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఒకప్పుడున్న స్టూడియోలో ఆయన గీసిన తెర మా కామాటిపుర గల్లీలన్నిటికీ తెలుసు. నల్లటి రాళ్ల ఒడ్డు, ఎర్ర చారల లైట్‌హౌస్, రాళ్ల సందుల్లో గూళ్లు పెట్టుకున్న తెల్ల పిట్టలు. పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్లు ఊరికి పంపే మొదటి ఫోటో దాని ముందే దిగేవాళ్లు.

ఇంతా చేసి ఆయన లైట్‌హౌస్‌ను దగ్గర నుంచి చూసినవాడు కాదు. కొలాబా చివర నిలబడితే దూరంగా నీళ్లలో అగ్గిపుల్లంత కనబడుతుంది. ఆదివారం బస్సెక్కి వెళ్లి దాన్నే చూసి వచ్చేవాడు, చిన్నప్పుడు నన్నూ రెండుసార్లు తీసుకెళ్లాడు. అక్కడి పిట్టల గూళ్లు ఇంత దూరం నుంచి ఎలా కనబడ్డాయని అడిగితే, గూళ్లు మన చాల్‌లోనే ఉన్నాయి కదా అన్నాడు. నిజమే, మా నీళ్ల పైపుల మీద పావురాలు కట్టే గూళ్లే అవి. చీపురు పుల్లలు, కరెంటు వైరు ముక్కలతో సహా దించాడు. సముద్రం నడుమ రాయి మీదికి వైరెక్కడిదని స్టూడియో సేఠ్ నిలదీశాడట.

"బొంబయి పిట్ట బొంబయిల దొరికిందే ఏరుకుంటది సేఠ్" అన్నాడట ఈయన.

తెర కింది అంచు నేల మీదికి పరుచుకునేది. ముందు వరస గూళ్లు సరిగ్గా మనిషి కాళ్ల దగ్గరికి వచ్చేవి. ఫోటో తీసేటప్పుడు ఆయన అక్కడుంటే పెళ్లికొడుకునైనా వదిలేవాడు కాదు. గుడ్లున్నయ్, జర పక్కకు నిలబడు అనేవాడు. అందుకే మావాళ్ల పాత ఫోటోల్లో ఎవరూ నడిమధ్యన ఉండరు, కాస్త ఎడమకు జరిగి ఉంటారు. నా పెళ్లి ఫోటోలోనూ అంతే.

స్టూడియో మూతపడ్డప్పుడు సేఠ్ ఆయనకు ఒక్క మాటైనా చెప్పలేదు. ఆ తెర తీసుకెళ్లి వానకు కారుతున్న ఒక వర్క్‌షాపు రేకుల మీద కప్పారు. మా మూడో అంతస్తు వరండాలోంచి చూస్తే లైట్‌హౌస్ తలకిందులుగా కనబడేది. రెండు వానాకాలాలకు రంగంతా కొట్టుకుపోయింది. నాకు ఒళ్లు మండి సేఠ్‌ను కడిగేసి వస్తానంటే పెద్దనాయన వద్దన్నాడు. కింద పనిచేసేవాళ్లు తడవడం లేదు కదా అన్నాడు. ఆయనకు కోపం రాకపోవడం మీద కూడా నాకు కోపమే.

నేనూ తక్కువ తినలేదు. నిరుడు మా అమ్మాయి మాట విని పెళ్లి ఫోటోను కొత్తగా చేయించాను. వెనక సముద్రం తీసేసి మంచుకొండలు పెట్టారు, మమ్మల్ని నడిమధ్యకు జరిపారు. చాయ్‌కి వచ్చిన పెద్దనాయన దాన్ని చూశాడు. కప్పు ఖాళీ చేశాడు. లేచేటప్పుడు "మంచు మంచిగ గీసిండు" అని వెళ్లిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఫోటో మార్చలేదు.

ఇప్పుడు అదే పని ఆయనకే చేశారు. ఎవరు పోయినా గల్లీ మొగదల శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఆయన తన తెర ముందు తాను దిగిన ఫోటో ఒకటుంది. లైట్‌హౌస్ కొసతో సహా తెర మొత్తం కనబడే ఫోటో అదొక్కటే. చాల్ పెద్దమనుషులు దాన్ని ఫ్లెక్స్ దుకాణంలో ఇస్తే, అక్కడతను మనిషిని మాత్రం కత్తిరించుకుని వెనక మేఘాలూ తామరపూలూ అతికించాడు. ఇదేం పనని అడిగితే, మేఘాలు బాగానే ఉన్నాయి కదా అన్నారు పెద్దమనుషులు. తమ పెళ్లిళ్లకూ పిల్లల పుట్టినరోజులకూ ఆ తెర ముందు నిలబడినవాళ్లే ఈ మాట అన్నారు.

నేనూ పెద్దమ్మా దుకాణానికి వెళ్లాం. అతను మర్యాదగానే మాట్లాడాడు. రోడ్డు మీది నుంచి ముఖం కనబడాలంటే మనిషిని పెద్దగా వేయాలని, అప్పుడు అంత సముద్రం పట్టదని, రెండింట్లో ఏదో ఒకటే కుదురుతుందని చెప్పాడు. నేను గొంతు పెంచబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అయితే ఆయననే తీసెయ్ బేటా" అంది. "ఆయన మొకం ఈడ అందరికి ఎరుకే. ఆయన పని పెట్టు."

మనిషిని తీసేస్తే ఆ చోటు తెల్లగా మిగిలిపోతుంది, కంప్యూటర్‌లో రాళ్లు గీసి నింపేస్తానన్నాడు.

"నింపకు. ఆయన దాంట్ల నువ్వెందుకు గీస్తవ్? అట్లనే ఉండనియ్యి."

పదోరోజు పొద్దున మేఘాల ఫ్లెక్స్ విప్పేసి దీన్ని కట్టాం. సముద్రం, లైట్‌హౌస్, పిట్టలు, వాటి మధ్య మనిషి ఆకారంలో తెల్లటి ఖాళీ. గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి వచ్చేవాళ్లు ఆగి మరీ చూశారు, ఎవరు పోయారని అడిగారు. పెద్దమ్మ ముందుకు వెళ్లింది. ఆ తెల్లటి చోట మెడ ఎక్కడుంటుందో చేత్తో తడిమి చూసుకుని, అక్కడ దండ తగిలించింది.