కార్డు కోసం ఆగిన మగ్గం

ధర్మవరంలో మా ఎదురింటి నేతగాడు ఆ ఉదయం మగ్గానికి కొత్త పట్టు పడుగు దారాలు ఎక్కించాడు. కూతురి వైద్యం మీద ఆశ వదులుకున్నాడనుకున్నారు వీధివాళ్లు.

పదహారేళ్ల ఆ పిల్ల మాట్లాడడం మానేసి ఏడాదైంది. సర్కారు డాక్టరు పట్నంలోని మానసిక రోగుల ఆసుపత్రికి రాశాడు. మంచం ఖాళీ అయితే పోస్టులో కార్డు వస్తుంది, వెంటనే బయలుదేరాలన్నాడు. పడుగు ఎక్కిస్తే చీరలు దిగేదాకా నెలపాటు కదలడానికి ఉండదు. అందుకే ఆయన ఆ ఉదయందాకా మగ్గం ఆపేసి ఉంచాడు. పోస్టుమాన్ కనబడగానే లేచి నిలబడేవాడు.

"కూచోన్నా, వస్తే నేనే పరిగెత్తుకొస్తా కదా" అనేవాడు పోస్టుమాన్.

మరి పడుగు ఎందుకు ఎక్కించావని నేతగాడినే అడిగాను.

"పాప ఖాళీ మగ్గాన్నే చూస్తా కూచుంటాదప్పా. తనవల్లే ఆగిపోయిందనుకుంటాందేమో."

నేను ఊరు వదిలేనాటికి ఆమెకు పద్దెనిమిది నిండాయి, కార్డు మాత్రం రాలేదు. ఆసుపత్రి జాబితాలో పేరు ఇంకా ఉందో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.