ముప్పై ఒకటో మీటరు

మళ్లీగారు దేన్నీ ఒక్కసారి కొలిచి నమ్మే మనిషి కాదు. నగర ప్రణాళికా కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా టేపు పట్టుకుని "మళ్లీ కొలుద్దాం" అంటూ ఉండటంతో, ఈ సర్వేయరు అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఇంట్లో కొత్త సోఫా గుమ్మంలో ఇరుక్కుంటే సోఫాని మూడుసార్లు, గుమ్మాన్ని నాలుగుసార్లు కొలిచి, తన లెక్కలో తప్పేమీ లేదని తేల్చారు. సోఫా మాత్రం వరండాలోనే ఉండిపోయింది. "నయం, నన్ను ఒక్కసారే చూసి ఒప్పుకున్నారు," అంటుంది వాళ్లావిడ.

అలాంటాయన కింద అసిస్టెంటుగా పడింది, కూర్చున్నచోట నిమిషం కూర్చోలేని ఓ అమ్మాయి. పైగా ఆఫీసరు చెప్పేశాడు, చిత్తడినేల పక్క ప్లాటు ఫైలు నెలాఖరుకి కదలకపోతే ఆమె ఉద్యోగం పర్మనెంటు కాదని.

నగరం పెరిగి పెరిగి ఆ నీటి అంచుదాకా వచ్చేసింది. నీటికి ముప్పై మీటర్ల లోపు ఇటుక పెట్టకూడదు, అది పక్షుల చోటు అంటుంది చట్టం. బిల్డరు గోడ గుర్తు ముప్పై దాటాకే మొదలవుతుంది. ఐదు నిమిషాల పని! కానీ కొలత మీద అనుమానముంటే వారం ఆగి మళ్లీ కొలవచ్చని అదే చట్టంలో ఇంకో వాక్యం ఉంది. మళ్లీగారు దాన్ని పట్టుకుని వేలాడారు.

మొదటివారం, "టేపు ఎండకి సాగిందేమో."

రెండోవారం, "గాలికి ఊగిందేమో."

మూడోవారం, "నేను సరిగ్గా వంగలేదేమో. మళ్లీ కొలుద్దాం."

"మీరు వంగకపోతే నేల పొడుగు మారిపోతుందా సార్!" అంది అమ్మాయి ఏడుపుగొంతుతో. గేటు దగ్గర తవ్వే యంత్రం, ఆమె చేతిలో బిల్డరు చేస్తుంటే మోగుతూనే ఉన్న ఫోను. నెత్తిమీద ఓ తీతువుపిట్ట కూడా అరిచి చంపుతోంది.

నాలుగోవారం, నెలాఖరుకి మూడు రోజులుండగా, ఆమెకిక ఒళ్లు మండిపోయింది. టేపు లాక్కుని తానే పరుగెత్తింది.

"ఆగు! కాలు కదపకు!"

ఆయన అరవగా ఎప్పుడూ వినలేదామె. కిందికి చూసింది. చెప్పుకి జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాగే నాలుగు గుడ్లు. ఒకదానికి సన్నగా బీట.

"ముప్పై ఒకటో మీటరులో పెట్టింది," అన్నారాయన నెమ్మదిగా. "చట్టం ముప్పై దగ్గరే ఆగిపోయింది. పిట్ట దగ్గర టేపు లేదు కదమ్మా."

"నాకు ముందే చెప్పొచ్చుగా సార్?"

"చెబితే జాప్యంలో నువ్వూ ఇరుక్కుంటావు."

అప్పుడు తీసి చూసింది ఫైలు. ప్రతి వారం కింద ఆయన చేతిరాతే: "ఆలస్యానికి బాధ్యత నాది. అసిస్టెంటు తొందరపెడుతూనే ఉంది." ఆమెకి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

నెలాఖరు రోజు మధ్యాహ్నం, పుల్లల్లాంటి కాళ్లేసుకుని నాలుగు పిల్లలూ తల్లి వెనకాల తడబడుతూ నీటివైపు నడిచి, చట్టంలోకి వెళ్లిపోయాయి. మళ్లీగారు టేపు విప్పకుండానే ముప్పై ఒకటి అని రాసి సంతకం పెట్టేశారు.

"మళ్లీ కొలవరా సార్?"

"ఎందుకమ్మా? మొదటిసారే సరిగ్గా కొలిచానుగా!"