మా తమ్ముడు కట్టిన ఊరు

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో ఆట మొదలుపెడుతూ, వైద్యుల పక్షం వద్దు, వాళ్ళకు యుద్ధముండదు, ఉత్తినే కూర్చోవాలి అంటూ కత్తివాళ్ళలో చేరిపోయింది. దాని పక్కనే కూర్చున్నానన్న మాటేగాని, నా మనసు సౌదీకి, రియాదులోని మలాజ్ పేటలో మా రెండు గదుల ఇంటికి వెళ్ళిపోయింది.

నేనక్కడ నర్సుగా చేసే రోజుల్లో మా తమ్ముడు మాతోనే ఉండి, ఒక మొబైల్ షాపులో ఫోన్లు బాగుచేసేవాడు. పెళ్ళి మాటెత్తితే నవ్వి తప్పించుకునేవాడుగాని, తీరిక దొరికితే తాను సొంతంగా తయారుచేసిన ఆన్‌లైన్ ఆట ముందు కూర్చునేవాడు. అందులో ఎవరైనా ఒక వేషం కట్టి చేరవచ్చు. యోధులది ఒక పక్షం, రొట్టెలు కాల్చేవాళ్ళు, కమ్మరులు, వైద్యులు ఉండే ఊరిది మరో పక్షం. యోధులంతా దాదాపు కూలీల క్యాంపుల్లో ఉండే మగవాళ్ళు; ఊళ్ళో మాబోటి నర్సులూ, భర్తల వెంట వచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన ఇల్లాళ్ళూ.

గెలుపంతా కత్తిదే కావడంతో కొన్నాళ్ళకు ఊరు పలచబడింది. ఒక శుక్రవారం వాడు దిగులుగా కూర్చుంటే, "మా వార్డులో దెబ్బ తగిలినవాడు మేం లెమ్మనేదాకా మంచం దిగడురా, నీ ఆటలో ఎలా దిగుతాడు?" అన్నాను. వాడు ఆ మాటనే నియమం చేశాడు: ఊరి వైద్యులు కట్టు కట్టేదాకా గాయపడ్డ యోధుడు కత్తి పట్టరాదు. అంతే, యోధులు ఊరికి కాపలా కాయసాగారు. గడప దాటి ఎరగని రాజమండ్రి ఆవిడ ఒకరు ఆ ఊరికి పెద్ద అయ్యారు.

అంతలో స్థానికులకే ఉద్యోగాలనే నితాఖత్ చట్టం వచ్చి, మొబైల్ షాపుల్లో సౌదీలే పనిచేయాలన్నారు. వీసాకు పూచీపడే వేరే కఫీల్ కోసం తిరిగి తిరిగి, చివరికి వాడు ఇండియా వెళ్ళిపోవడానికి పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించుకున్నాడు. బయల్దేరేముందు ఆట పాస్‌వర్డ్ రాసిన కాగితం నా చేతిలో పెట్టి, "ఏం మార్చినా మార్చు గానీ, ఆ కట్టు రూలు మాత్రం తియ్యకక్కా" అన్నాడు.

ఆ తర్వాత వెంట ఉన్న కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను పడింది. భరించలేక భర్తలు ఒక్కొక్కరే ఇల్లాళ్ళను ఇండియా పంపేశారు. అత్తవారిళ్ళ చాకిరీలో పడ్డాక వాళ్ళకు ఆటకు తీరికెక్కడిది? రాజమండ్రి ఆవిడా వెళ్ళిపోయారు. వైద్యులం ముగ్గురం మిగిలాం. గాయపడ్డవాళ్ళు రోజుల తరబడి పడి ఉండేవారు. యోధుల నాయకుడు ఖతీఫ్‌లో పనిచేసే పాకిస్తానీ, మర్యాదస్తుడే. "బాజీ, ఆప్ తీన్, హమ్ పచాస్. యే రూల్ హటా దీజియే" అని, మీరు ముగ్గురే, మేం యాభైమందిమి, ఆ రూలు తీసెయ్యమని ఫోనులో బతిమాలాడు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి ఉన్నాను, కాళ్ళు లాగేస్తున్నాయి. తీసేశాను.

గాయాలు వాటంతటవే మానసాగాయి. మా అవసరం ఎవరికీ లేకపోయింది. మిగతా ఇద్దరు వైద్యులూ రావడం మానేశారు. నెల తిరక్కుండానే, కాపాడటానికి ఏమీ లేక యోధులూ చెదిరిపోయారు.

కాకినాడలో చిన్న బడ్డీ పెట్టుకున్న తమ్ముడు, చూస్తే అక్కడి రోజులు గుర్తొస్తాయని ఆట తెరిచేవాడు కాదు, నన్నే అడిగేవాడు. "ఊరెలా ఉందక్కా?"

"బాగుందిరా. నిన్న నేనే నలుగురికి కట్లు కట్టాను" అన్నాను. అప్పటికి ఊళ్ళో ఎవ్వరూ లేరు. ఈసారి సెలవుకు వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చుని నిజం చెబుదామనుకున్నాను. ఆ సెలవు రాకముందే వాడు గుండెపోటుతో పోయాడు.

ఇప్పటి ఆటల్లో రంగులెన్నో, హంగులెన్నో. పడినవాడు కన్నుమూసి తెరిచేలోగా లేచి పరుగెడతాడు, ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. మా రోజుల్లో పడినవాడు ఎదురుచూసేవాడు, కట్టు కట్టినమ్మ పేరు అడిగి తెలుసుకునే వెళ్ళేవాడు.