నాలుగు వందల యాభై గ్రాముల గొడ్డలి

పోస్టాఫీసులో పార్సిల్ కౌంటరు దగ్గర కూర్చునే పెద్దమనిషిని అందరూ కాటాగారు అనేవారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది కానీ, దానితో ఎవరికీ పనిపడలేదు. ముప్ఫయ్యేళ్ళుగా పొట్లాలు తూచీ తూచీ ఆయన చేతికి ఒక విద్య పట్టుబడింది. పార్సిల్ అందుకుంటూనే "ఎనిమిది వందల ఇరవై" అనేవారు. కాటా మీద పెడితే అయిదు గ్రాములు అటో ఇటో, అంతే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు నమ్మక పందెం కాసి, ఆయనకి టీ ఇప్పించి నమ్మేవారు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తూకం కుదరలేదనేవారు. నవ్వి ఊరుకునేవాళ్ళే గాని ఆ పైన అడిగేవాళ్ళు లేరు. ఉండేది రెండు గదుల ఇల్లు. వంటగదిలో గట్టు మీద ఇంకో చిన్న కాటా. ఒక్కడికి కావలసిన బియ్యం రోజూ దాని మీదే తూచుకునేవారు.

ఏడాదికొక్కసారి మాత్రం ఆ ఇల్లు సందడిగా ఉండేది. చలికాలం సెలవుల్లో కాటాగారూ ఆయన బావగారూ కలిసి నాలుగు రోజులు కొండల్లోకి నడిచి వెళ్ళేవారు. ఈ అలవాటు చేసింది కాటాగారి అక్క. పెళ్ళైన కొత్తలో ఒకసారి, మీరిద్దరూ ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే నాకు ఇల్లు దులుపుకోవడం కుదరదు, ఎటైనా పోయి రండని తరిమేసింది. వెళ్ళారు. మళ్ళీ ఏడు తరమకుండానే వెళ్ళారు. ఎనిమిదేళ్ళ కిందట అక్క పోయాక కూడా మానలేదు. బయల్దేరే ముందురోజు చాప మీద సామానంతా పరిచి, ఒక్కొక్కటీ తూచి, కాగితం మీద రాసుకుని, చెరిసగం పంచుకునేవారు. గుడారం, వంటసామాను కాటాగారి వీపు మీద. తాడు, తిండి, గొడ్డలి బావగారి వీపు మీద.

బావగారు పోయినేడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ వేరే ఊళ్ళో టీచరు. రిజిస్టరాఫీసులో సాక్షి సంతకం పెట్టింది కాటాగారే, అదీ మనసారా పెట్టారు. బావ ఒంటరిగా మిగలడం ఆయనకి ఇష్టం లేదు. కానీ ఈసారి సెలవులు దగ్గరపడుతుండగా ఫోను వచ్చింది. ఆవిడకి బడి సెలవులు సరిగ్గా అప్పుడేనట, వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళాలట. బావగారు ఆ ముక్క చెప్పడానికి ముందు వాతావరణం గురించి, మోకాళ్ళ గురించి, ఇంటి కొళాయి గురించి మాట్లాడారు. చివరికి చెప్పేశారు.

"గొడ్డలి బస్సులో పంపిస్తాన్రా బామ్మర్దీ. ఇక్కడ నేను దాంతో గోళ్ళు తీసుకోవాలా?"

"వద్దు బావా. పన్నెండు వందల గ్రాములది. ఒక్కణ్ణే అన్నీ మొయ్యాలి. తేలికది చూసుకుంటాను."

"ఒక్కడివే పోతావా?"

తను "ఒక్కణ్ణే" అన్న సంగతి ఆ ప్రశ్న వినేదాకా కాటాగారు గమనించలేదు. "పోతాను" అన్నారు.

బరువన్నది నిజమే, కానీ సగం నిజం. ఆ గొడ్డలి ఒకసారి తనింటికి వచ్చేస్తే బావ ఇక రానట్టే. అక్కడే ఉంటే, అటక మీద తుప్పు పట్టినా సరే, ఎప్పుడో ఒకేడు దాన్ని తీసుకుని రావచ్చు. ఇంకో సంగతి కూడా ఆయనకి బాగా తెలుసు. ఈ ఏడు తను ఇంట్లో కూర్చుండిపోతే వచ్చే ఏడు లేవడం జరగదు. ఆ నాలుగు రోజులూ పోతే ఏడాదంతా ఒకటే రోజు.

గొడ్డలి లేకుండా వెళ్ళడానికి వీల్లేదు. పైన రాలిన కొమ్మలన్నీ మంచుకి తడిసి ఉంటాయి. చీలిస్తేగాని లోపలి పొడి కట్టె దొరకదు, పొడి కట్టె లేనిదే నిప్పు లేదు. ఒక్కరే కొండకి పోతున్నారని ఆఫీసులో తెలిసి, స్టాంపులమ్మే ఆయన, ఎలుగుబంటి ఎదురైతే ముందు కాటా ఎక్కిస్తారా అని ఎగతాళి చేశాడు. పెద్దది నూటయాభై కిలోలుంటుందని కాటాగారు నిదానంగా జవాబు చెప్పారు.

శనివారం మధ్యాహ్నం బస్టాండు వెనక పనిముట్ల షాపుకి వెళ్ళారు. షాపు నడిపేది ఆయన ఈడు ఆవిడే, కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేసుకుని ఉంటుంది. బల్ల మీద మూడు చేతిగొడ్డళ్ళు పెట్టింది. కాటాగారు ఒక్కొక్కటీ ఎత్తి, నాలుగు వందల యాభై, ఆరు వందలు, తొమ్మిది వందలు అన్నారు. ఆవిడ వాటికి కట్టిన బరువు చీటీలు తిప్పి చూసి కళ్ళజోడు పెట్టుకుంది, ఈసారి ఆయన్ని చూడ్డానికి.

ఆయన జేబులోంచి సామాను జాబితా తీశారు. నడుం పదకొండు కిలోల కన్నా ఎక్కువ ఒప్పుకోదు. లెక్కలో మిగిలింది నాలుగు వందల యాభై గ్రాములే. అందుకని తేలికదే ఇమ్మన్నారు.

"తేలిగ్గానే ఉంటుంది. మరి కట్టె చీలొద్దూ?" అందావిడ. "వెనక మొద్దుంది, కొట్టి చూసుకోండి."

పెరట్లో మొద్దు పక్కన నాలుగు ఎండుకొమ్మలు పడేసి ఉన్నాయి. కాటాగారు ఒకటి తీసి మొద్దు మీద నిలువుగా నిలబెట్టారు. ఎడమచేత్తో పట్టుకుని, కదలకుండా చూసి, "ఊఁ" అని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. కొమ్మ ఒక్క క్షణం నిలబడి పక్కకి పడింది. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ "ఊఁ" అన్నారు, చెయ్యి తీశారు. కొమ్మ పడింది. గొడ్డలి ఆయన కుడిచేతిలో అలాగే ఉంది.

"ఎవర్ని పిలుస్తున్నారండీ?" అందావిడ గుమ్మంలోంచి.

ఆయన తిరిగి చూశారు. "మా బావని" అన్నారు.

అప్పుడు అర్థమైంది ఆయనకి. ఇన్నేళ్ళలో తను ఒక్క కట్టె కూడా కొట్టలేదు. కొమ్మ నిలబెట్టి, ఊఁ అని, చెయ్యి తీసెయ్యడం తన వంతు. అది ఒరిగేలోగా వేటు వెయ్యడం బావ వంతు. ఒక్కసారి కూడా ఎవరి వేలికీ గీత పడలేదని ఇద్దరూ గొప్పలు పోయేవారు. ఆ గొప్పలో తన భాగం చెయ్యి తీసెయ్యడమేనని ఎప్పుడూ తట్టలేదు. షాపావిడకి అంతా చెప్పేశారు, అక్క సంగతీ, పెళ్ళి సంగతీ, బడి సెలవుల సంగతీ. ఆఫీసులో ఏడాదంతా మాట్లాడినన్ని మాటలు ఆ పెరట్లో మాట్లాడి, ఆఖర్న సిగ్గుపడ్డారు.

ఆవిడ అయ్యో అనలేదు. వచ్చి కొమ్మని చేతిలోకి తీసుకుంది. గొడ్డలి అంచుని కొమ్మ చివర్న, నిలువునా, ఆనించింది. రెండింటినీ కలిపి పైకెత్తి, కలిపే మొద్దు మీదికి దించింది. అంచు కొంచెం దిగింది. ఇంకోసారి ఎత్తి దించితే ఇంకొంచెం.

"ఒక్కరే చేసుకునేవాళ్ళ పద్ధతి ఇది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు. కాకపోతే ఇంత తేలికదాంతో సాయంత్రం దాకా కొడుతూనే ఉంటారు" అంటూ ఆరు వందలది అందించింది. ఆయన తంటాలు పడి నాలుగో ప్రయత్నంలో చీల్చారు. లోపల కట్టె తెల్లగా, పొడిగా ఉంది.

ఇక నూటయాభై గ్రాములు ఎక్కడో తగ్గించాలి. ఆవిడ జాబితా అడిగి తీసుకుని, వేలు పెట్టి చదివింది.

"పళ్ళేలు రెండు, చెంచాలు రెండు, గ్లాసులు రెండు. తోడెవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రావడంలేదు."

"మరి?"

"ఎప్పుడూ అలాగే రాస్తానండి."

ఆవిడ కొట్టెయ్యలేదు. చెవిమీది పెన్సిలు తీసి ఆయనకిచ్చి, మేకులు కావాలన్న ఇంకో బేరం చూడ్డానికి వెళ్ళిపోయింది. వచ్చేసరికి ఆయన ఒక పళ్ళెం, ఒక చెంచా కొట్టేసి ఉన్నారు. నూట డెబ్భై గ్రాములు. గ్లాసుల జోలికి పోలేదు. ఆవిడ అది చూసింది. గొడ్డలికి తోలు తొడుగు వేసి ఇచ్చింది.

సెలవుల మొదటి రోజున కాటాగారు మొదటి బస్సెక్కారు. బ్యాగు మునుపటి కన్నా బరువు, దారి మునుపటి కన్నా పొడుగు. బావ ఎక్కడెక్కడ కూర్చుందామనేవారో అక్కడ కూర్చోకుండా నడిచారు. అందుకని పొద్దు ఉండగానే, ప్రతి ఏడూ దిగే రాతిచరియ కిందికి చేరారు. గుడారం వెయ్యడానికి రెండింతల సమయం పట్టింది. తరవాత తడి కొమ్మలు ఏరుకొచ్చి, ఒక చదునైన దుంగ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

అంచుని ఆనించారు. ఎత్తారు, దించారు. మొదటి కొమ్మకి అరచెయ్యి బొబ్బెక్కింది. రెండోది వంకరగా చీలింది. మూడోది నిలువునా, చప్పుడు చేసి మరీ విడిపోయింది. ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ చూశారు, చూపించడానికి ఎవరూ లేక పక్కన పెట్టారు. నాలుగోది తీసుకున్నారు. చేతికి దారి తెలిసింది. తీసుకోవడం, ఆనించడం, ఎత్తి దించడం. ఎదురు కొండ మీద ఎండ పోయేదాకా ఆయన తల ఎత్తలేదు.

ఎత్తి చూస్తే పక్కన మోకాలెత్తు కట్టె ఉంది. ఒక మనిషికి నాలుగు రోజులు కాల్చినా తరగనంత. నిప్పు రాజేసుకోవడానికి ఒక చేతికి వచ్చినంత విడిగా తీసుకున్నారు. మిగిలింది రాతి కింద, వాన తగలని చోట, ఎవరైనా వస్తే కనబడేట్టు వరసగా పేర్చారు. పేర్చడం పూర్తయ్యేసరికి చలి గట్టిగా దిగింది. అప్పుడు వెళ్ళి అగ్గిపుల్ల గీశారు.