వాయిదా పడిన సీటు, ఎదురింటి గిన్నె

2022 డిసెంబరు 16, శుక్రవారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలు. గల్ఫ్‌లో, కరామాలోని మా ఫ్లాట్‌లో, వంటింటి బల్ల ముందు కూర్చుని మా అమ్మాయి లాప్‌టాప్ తెరిచింది. తను దరఖాస్తు పెట్టిన అమెరికా విశ్వవిద్యాలయం ఫలితం తెల్లవారకముందే వచ్చింది. అయినా కాఫీలయ్యాకే చూడాలని ముందుగానే ఒప్పందం చేసుకున్నాం. సీటు ఇవ్వలేదు, లేదనీ అనలేదు. మార్చి నెలలో మిగిలిన దరఖాస్తులతో కలిపి మళ్ళీ పరిశీలిస్తామని రాశారు. ముందస్తు దరఖాస్తు పెట్టడమంటే, సీటిస్తే మరెక్కడికీ వెళ్ళనని నవంబరులోనే మాట ఇవ్వడం. మాట మేము ఇచ్చాము. వాళ్ళు వాయిదా వేశారు.

6:25కు కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఎదురింటావిడ. చేతిలో స్టీలు గిన్నె, దాని నిండా జీడిపప్పు వేసిన రవ్వకేసరి.

"వదినా, మా దానికి వచ్చేసిందండీ! మీ అమ్మాయికీ వచ్చే ఉంటుందిగా. ముందు నోరు తీపి చేసుకోండి."

ఆవిడది గుంటూరు, మాది వరంగల్. ఎనిమిదేళ్ళుగా ఎదురెదురు తలుపులు. పిల్లలిద్దరిదీ ఒకే బడి, ఒకే తరగతి. దరఖాస్తు పెట్టిందీ ఒకే చోటికి.

"మా దానిది వాయిదా వేసిన్రు, వదినా" అన్నాను.

ఆవిడ ముఖంలో సంతోషం పోయి జాలి వచ్చింది. సంతోషాన్నయితే భరించేదాన్ని. కేసరి తింటూనే మనసులో లెక్క వేసుకున్నాను. పదకొండో తరగతి గణితంలో మా అమ్మాయికి 97, ఆ అమ్మాయికి 93. పదో తరగతి మొత్తంలోనూ మా అమ్మాయిదే పైచేయి, 1.2 శాతం తేడాతో. కేసరిలో పంచదార ఎక్కువైంది. ఆ సంగతి కూడా ఆనాటి డైరీలో రాశాను.

నేను ఒక నిర్మాణ సంస్థలో క్లెయిముల విభాగంలో పని చేస్తాను. పని ఆలస్యమైనప్పుడు, అందులో మా తప్పు లేదని, మాకు అదనపు గడువు రావాలని, భవనం కట్టించుకునే యజమాని పక్షానికి లేఖలు రాయడం నా ఉద్యోగం. మా క్లెయిమును వాయిదా వేస్తే నిరుత్సాహపడం. మరిన్ని ఆధారాలు జతచేసి, ఇలాంటి పరిస్థితిలోనే మరొక కాంట్రాక్టరుకు గడువిచ్చారు కదా అని చూపించి, మళ్ళీ పంపుతాం. అందువల్ల వాయిదా అన్న మాట చూసి మా అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే, నేను కొత్త ఫైలు తెరిచాను.

ఆ శని, ఆదివారాలలో లేఖ పూర్తి చేశాను. నాలుగు పేజీలు, పదకొండు అనుబంధాలు. మా అమ్మాయి సోఫాలో కూర్చుని చదివింది.

"మమ్మీ, ఇది యూనివర్సిటీకా, మీ క్లయింట్‌కా?"

"ఎవరికైనా గంతే. అడగకుంటే ఎవరిస్తరు?"

"'మా హక్కులను వదులుకోకుండా ఈ లేఖ సమర్పిస్తున్నాము'. మనకేం హక్కులు మమ్మీ వాళ్ళ మీద?"

"అది మామూలుగ రాసే వాక్యమే."

"మరి ఏడో పేరా? మ్యాథ్స్‌లో నాలుగు మార్కులు తక్కువొచ్చిన అమ్మాయికి సీటిచ్చారు అని. అది నా ఫ్రెండ్!"

"పేరు రాయలే కదా."

"మా స్కూల్ నుంచి అప్లై చేసిందే ఇద్దరం. ఇంక పేరెందుకు?"

పక్కనే ఉన్న మా వారు పేపరు దించకుండానే అన్నారు: "ఉద్యోగమిచ్చిన కఫీల్ మీద కేసు వేసినట్టున్నది. పంపు, ఖలాస్, వీసా గూడ రాదు."

బడిలో పిల్లల దరఖాస్తులు చూసే మేడమ్‌ను ఫోనులో అడిగాను. పదకొండు అనుబంధాల మాట చెప్పగానే అవేవీ పంపవద్దన్నారు. తరువాత ఆవిడ ఓపికగా వివరించారు. అర్ధసంవత్సరం మార్కులు బడి పంపుతుంది. అమ్మాయి తానే రాసిన ఒక్క పేజీ లేఖ చాలు. నవంబరు తరువాత కొత్తగా ఏం చేసిందో, ఇప్పటికీ అక్కడికే రావాలని ఎందుకు అనుకుంటోందో అందులో ఉండాలి. పాత ఘనతలు మళ్ళీ చెప్పకూడదు, ఎవరితోనూ పోల్చకూడదు. వాయిదాతో మేమిచ్చిన మాట బంధం కూడా తొలగిపోయింది కనుక, మిగిలిన చోట్లకు జనవరి గడువులోపు దరఖాస్తులు పెట్టాలి.

ఈలోగా కేసరి గిన్నె మా వంటింటి అరలోనే ఉండిపోయింది. ఇరుగుపొరుగు గిన్నెను మా ఇళ్ళలో ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తారు. ఎనిమిదేళ్ళలో ఆ గిన్నె ఏనాడూ మా ఇంట్లో మూడు రోజులకు మించి ఉండలేదు. ఇప్పుడు అందులో ఏది వేసి ఇచ్చినా, మీ అమ్మాయికి సీటు వచ్చినందుకు మాకూ సంతోషమే అని చెప్పినట్టవుతుంది. ఆ మాట నా దగ్గర లేదు. కడిగి, తుడిచి, బోర్లించి పెట్టాను. బడి తెరిచాక పిల్లలిద్దరినీ కారులో దింపే వంతు మాకు వస్తే, ఆఫీసులో పనుందని తప్పించుకున్నాను.

జనవరి 7, శనివారం, ఆ గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. వెళ్ళింది గిన్నె ఇవ్వడానికి కాదు. ఆ అమ్మాయి తన దరఖాస్తు వ్యాసంలో ఏం రాసిందో తెలుసుకోవాలి. గిన్నెలో, ఆఫీసులో పంచగా మిగిలిన సోన్‌పాపిడి వేశాను.

"గిన్నె ఈ వరండా దాటడానికి మూడు వారాలు పట్టింది వదినా" అంది ఎదురింటావిడ. "మీరొక్కరే లెక్కలు రాస్తారనుకున్నారా?" మూత తీసి చూసింది. "సోన్‌పాపిడా! పోయిన దీపావళిదేనా, వచ్చే దీపావళిదా?"

నవ్వవలసి వచ్చింది. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది.

"వ్యాసంల ఏం రాసినవ్ బిడ్డా?" అన్నాను, మాటవరసకు అడిగినట్టు.

ఆ అమ్మాయి తల్లి వైపు చూసింది. "ఆంటీ, కోప్పడరుగా? మీ పిండి డబ్బాల గురించి రాశాను."

ఈ ఊళ్ళో ఏసీ గదులలో దోసెల పిండి ఎప్పుడు పులుస్తుందో చెప్పడం కష్టం. అందుకని ప్రతి డబ్బా మూతకు కాగితపు టేపు అంటించి, రుబ్బిన తేదీ, గంట, గది వేడి రాస్తాను. ఎన్ని గంటలకు పొంగిందో దాని కిందే రాస్తాను. పన్నెండేళ్ళ వయసులో ఆ అమ్మాయి మా వంటింట్లో నిలబడి, ఆగస్టుకూ జనవరికీ అంత తేడా ఎందుకని అడిగేది. నేను చెప్పేదాన్ని.

"ఒక విషయాన్ని రోజూ చూసి రాసుకుంటే ఏం తెలుస్తుందో మీ దగ్గరే నేర్చుకున్నానని రాశానాంటీ."

"మంచిగ రాసినవ్" అన్నాను. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

అప్పటివరకు మార్కుల మీద ఉన్న అసూయకు అంకెలైనా ఉన్నాయి. దీనికి అవి కూడా లేవు. అబద్ధం రాసిందందామంటే అక్షరం అబద్ధం లేదు. దొంగిలించిందందామంటే నేనే పిలిచి చూపించాను. నా టేపులు, నా గంటలు, నా వంటిల్లు, సీటు ఎదురింటికి. స్నేహితులు వచ్చే రోజున మా అమ్మాయి సిగ్గుపడి ఆ టేపులు పీకేసేది.

ఇంటికి వచ్చి చెప్పాను. మా అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"తెలుసు మమ్మీ. దాని ఎస్సే దిద్దింది నేనే."

"నువ్వా? నువ్వెందుకు రాసుకోలే మరి?"

"దానికది కొత్త. నాకది మా ఇంటి ఫ్రిజ్."

మా అమ్మాయి తన లేఖ తానే రాసుకుంది. అక్టోబరు నుంచి మా బాల్కనీలో ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టి, రోజుకు ఎన్ని లీటర్ల నీరు కారుతుందో కొలిచేది. అసంపూర్తిగా ఉండడంతో దరఖాస్తులో దాని ఊసే ఎత్తలేదు. డిసెంబరులో ఏసీ ఆపేశాం, నీళ్ళు ఆగిపోయాయి. అప్పుడు కింద కిరాణా దుకాణం వాళ్ళను అడిగి, వాళ్ళ చల్లగదికి ఉన్న గొట్టం కింద బకెట్ పెట్టింది. లేఖలో అదే రాసింది. ఇది ఇంకా పూర్తి కాలేదని, వేసవి అంకెలు వచ్చే దాకా ఏదీ తేల్చి చెప్పలేనని, సీటిస్తే తప్పక వస్తానని.

"పూర్తి కాలేదని మనంతట మనం చెప్పుకుంటమా?" అన్నాను. "తీసెయ్."

"కాలేదు కదా మమ్మీ."

ఉంచింది. జనవరి 29, ఆదివారం, సాయంత్రం 4:20కి పంపింది. అందులో నేను సరిచూసినది ఒక్క తేదీ. అది సరిగానే ఉంది.

మార్చి 31, శుక్రవారం, ఉదయం 6:10. రంజాను వేళలు కనుక ఆఫీసు తొందర లేదు. కాఫీలయ్యాక తెరిచాం. లేదు అని వచ్చింది, మర్యాదగా, ఐదు వాక్యాలలో. మా అమ్మాయి ఈసారి తలుపు వేసుకోలేదు. ఎదురింటి అమ్మాయికి మెసేజ్ పెట్టి, ఇంకో కప్పు కాఫీ అడిగింది.

8:40కి బెల్ మోగింది. ఎదురింటావిడ చేతిలో అదే గిన్నె.

"తీపి కాదులే వదినా, పిండి" అంది. "పొద్దున్నే రుబ్బా. రేపటికి పొంగుతుంది."

మూతకు కాగితపు టేపు. మార్చి 31, 7:15, 25 డిగ్రీలు. ఆ అమ్మాయి చేతిరాత, గుండ్రంగా, నా రాత కంటే పొందికగా ఉంది. అది చూసి మళ్ళీ కడుపు మండింది. ఆ పిండితోనే మరునాడు ముగ్గురం దోసెలు తిన్నాం. టేపు కింద, పొంగిన గంట రాయవలసిన చోట, మా అమ్మాయి పెన్ను తీసుకుని 10:30 అని రాసింది.

పోయినవి: ఆ సీటు, పదకొండు అనుబంధాలతో సహా నాలుగు పేజీల లేఖ, కారులో పిల్లలను దింపే రెండు వంతులు.

మిగిలినవి: ఏప్రిల్ 4న మరొక విశ్వవిద్యాలయంలో వచ్చిన సీటు, ఇంకా అసంపూర్తిగానే ఉన్న ఏసీ నీటి లెక్క, ఎదురు తలుపు, ఆ ఇంటి అమ్మాయి సెలవులకు వచ్చి మార్కులు చెప్పినప్పుడల్లా అసూయ.

గిన్నె: ఏప్రిల్ 2న తిరిగి ఇచ్చాను. రవ్వకేసరి వేసి, పంచదార కొలత ప్రకారం.