పక్కనున్న నల్లమెట్టు

చేయని పాపాలు ఒప్పుకోవడంలో మా ఊళ్లో నన్ను మించినవాడు లేడు. చేసిన పాపం ఒకటుంది. అది యాభై ఏళ్లుగా నా మీదే ఉంది. ఎక్కడా దించలేదు. మొన్న దించాను, కానీ సగమే. మిగతా సగం ఇక్కడ దించుతాను, మీరు నాకు తెలియనివాళ్లు కాబట్టి.

మొదటి మాట సంగతి ముందు చెప్పాలి. మాది ప్రొటెస్టెంటు కుటుంబం. ఫాదరు చెవిలో గుసగుసగా చెప్పుకుని బయటపడే వీలు మాకు లేదు. అందరి ముందూ లేచి నిలబడి ‘సాక్ష్యం’ చెప్పాలి. ప్రభువు మనల్ని ఎంత లోతు నుంచి లేవనెత్తాడని చెబితే అన్ని ‘ఆమెన్’లు పడతాయి. తోటపల్లి గూడూరు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న మా చిన్న చర్చిలో హార్మోనియం వాయించేది నేనే. సాక్ష్యాల వేళ ఎవరూ లేవకపోతే పాస్టరుగారు నా వైపు చూస్తారు. పాపం, ఆయన్ని ఒంటరిగా నిలబెట్టడం ఎందుకని లేస్తాను. పేకాటలో పొలం పోగొట్టుకున్నానంటాను. నాకు పొలమే లేదు. రైల్లో ఒకడి పెట్టె కొట్టేశానంటాను. మా ఇంటామె ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంటుంది. ప్రార్థిస్తోందని అందరూ అనుకుంటారు. ఇంటికొచ్చాక అడుగుతుంది: “టికెట్టు లేకుండా రైలెక్కే ధైర్యమే లేదు నీకు, పెట్టె కొట్టేసినావా? ఏ రైలది?”

నలుగురికీ వినోదం. నాకు ఆమెన్లు. ఎవరికీ నష్టం లేదు. అలా అనుకునేవాణ్ణి. అన్నేసి అబద్ధపు పాపాలు చెప్పింది నిజంగా వినోదానికేనా? వాటి గుట్ట కింద ఒకదాన్ని దాచిపెట్టడానికా? ఈ ప్రశ్న ఇప్పుడు వేసుకుంటున్నాను. అప్పుడు వేసుకోలేదు.

పోలయ్య గురించి చెప్పాలి. సముద్రం ఒడ్డున పట్టపుపాలెం వాడు. నాకంటే రెండేళ్లు చిన్న. తెల్లవారుజామున వలకు పోయేవాడు, సాయంత్రం మా వసారాలో కూర్చుని పద్యాలు నేర్చుకునేవాడు. మా నాటక సమాజంలో రాజు వేషం అతనిది, హార్మోనియం నాది. చదువు లేదు, సంగీత పాఠం లేదు. గొంతు ఉంది. దాన్ని వర్ణించబోతే మళ్లీ పెంచి చెబుతాను, నన్ను నేను నమ్మను. పెంచకుండా ఒక్కటి చెబుతాను. అలల హోరులో ఒక పడవ మీద నుంచి ఇంకో పడవను పిలిచి అలవాటైన గొంతు అది. మైకు చెడిపోయిన రోజు కూడా చివరి వరస జనం కదిలేవారు కాదు.

పాడేవాడికి శ్రుతి అంటే కాలి కింద నేల. హార్మోనియం వాయించేవాడు ఏ మెట్టు నొక్కి పడితే అదే నేల. పోలయ్యది నాలుగున్నర. అంటే ఒక నల్లమెట్టు. ఆ లెక్క అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. పాడబోయే ముందు నా హార్మోనియం పెట్టెను ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. “నీ వేలు యాడుంటే నా గొంతు ఆడుంటాది అన్నా” అనేవాడు. ప్రతిసారీ అదే మాట.

ఒకసారి గూడూరులో, తోటపల్లి గూడూరు కాదు, రైలు జంక్షను ఉన్న గూడూరులో, ఒక నిమ్మకాయల వ్యాపారి ఇంట పెళ్లికి మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, సినిమాలకు పాటలు కట్టే ఆయన. వ్యాపారికి మా నాటకాలంటే ప్రాణం. పొద్దున పది గంటలకు రండి, తలా ఒక పద్యం వినిపిద్దాం అని కబురు పెట్టాడు. ముగ్గురం వెళ్లాం. పోలయ్య, నేను, మంత్రి వేషం వేసే మాధవరావు. మాధవరావు అనేది నేను పెట్టిన పేరు. అసలు పేరు చెబితే మీరే ఆయన పాట ఒకటి అందుకుంటారు.

హాలు పక్క గదిలో నిమ్మకాయల బస్తాలు. ఆ వాసనకు నోట్లో నీళ్లూరుతున్నాయి. పోలయ్య పెట్టె ముట్టుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. ఆ మాట అన్నాడు. నేను నాలుగున్నర మీద వేలు పెట్టాను. తీశాను. పక్కనున్న నల్లమెట్టు మీద పెట్టాను. అయిదున్నర.

అంతే. నేను చేసింది అంతే. ఆ రెండు నల్లమెట్ల మధ్య ఉన్నది ఒక్క తెల్లమెట్టు.

పద్యం సగం దాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. పెద్దమనిషి తల కూడా ఊపాడు. చివర రాగం తీసేటప్పుడు పోలయ్య రోజూ ఎక్కే చోటికి ఎక్కబోయాడు. కానీ ఆ రోజు నేలే ఎత్తుగా ఉంది. గొంతు చీలింది. సర్దుకుని మళ్లీ ఎక్కబోయాడు. మళ్లీ చీలింది. వెనక నుంచి ఎవడో అరిచాడు: “గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టుండాది, ఓ అన్నంముద్ద మింగించండబ్బా!” హాలంతా నవ్వు. పోలయ్య కూడా నవ్వాడు. చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు. తర్వాత మాధవరావు పాడాడు. అతని శ్రుతి అతనికి ఇచ్చాను, వెంట్రుకవాసి తేడా లేకుండా. నెల తిరక్కుండా అతను మద్రాసు పోయాడు.

తిరుగు రైల్లో పోలయ్య అన్నాడు: “నిన్న పుల్లమజ్జిగ తాగినానన్నా. అదే చెరిచింది. నీకు తలవంపులు తెచ్చినా.”

“పోనీలే అబ్బయా” అన్నాను.

చూశారా? క్షమించింది నేను. వేలు నాది, క్షమాపణ అతనిది, పెద్దమనసు మళ్లీ నాదే.

ఎందుకు చేశాను? చాలాకాలం తమాషాకని చెప్పుకున్నాను. నాకు తమాషాలు అలవాటే కదా. తర్వాత, అతనికి కాస్త గర్వం పెరిగింది, తగ్గిద్దామనుకున్నానని చెప్పుకున్నాను. పోలయ్యకు గర్వం ఎక్కడిది? చివరికి మిగిలింది ఒకటే. ఆ హాల్లోకి అడుగుపెడుతున్నప్పుడు అతను పోతాడని నాకు తెలిసిపోయింది. ఆ గొంతు ఒక్కసారి విన్నవాడెవడూ వదలడు. పోతే నా వసారాలో సాయంత్రాలు ఏం చేయాలి? నా పెట్టె ఎవరికి వాయించాలి? మద్రాసులో హార్మోనియాలు వందలుంటాయి, నన్నెవడు పిలుస్తాడు? ఇదంతా అక్కడ ఆలోచించలేదు. వేలు ఆలోచించింది. వేలికి తెలుసు.

అతను పోలేదు. వల, పడవ, పద్యం. యాభై ఏళ్లు సాయంత్రాలు మా వసారాలోనే. అతను వలలో పడిన మెత్తళ్లు తెచ్చేవాడు, మా ఇంటామె వంకాయ వేసి వండేది, ముగ్గురం తినేవాళ్లం. తర్వాత పెట్టె. నేను సుఖంగా బతికాను. నిజంగా సుఖంగా. ఆ సుఖమంతా దొంగసొత్తు.

పోయిన ఏడాది మాధవరావు చనిపోయాడు. ఈ ఏడాది హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వచ్చింది. పాటగాళ్ల మీద, నటుల మీద డాక్యుమెంటరీలు తీసే కంపెనీ అట. డైరెక్టరు నందిని అనే అమ్మాయి, వెంట కెమెరా పట్టేవాడు, శబ్దం పట్టేవాడు. మాధవరావు జీవితం తీస్తున్నారు. గూడూరు ముచ్చట చూసినవాళ్లలో మిగిలింది నేనూ, పోలయ్యా అని ఎవరో చెప్పారట.

శబ్దం పట్టే అబ్బాయికి మా పక్కన రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే మిషన్ల చప్పుడు అడ్డమొచ్చింది. పోయి పది నిమిషాలు ఆపమని అడిగాడు. గుంటాయన ఎగిరిపడ్డాడు: “నీ సినిమా కోసం నా రొయ్యల్ని ఊపిరి బిగబట్టమంటావా సామీ?” చివరికి ఆ చప్పుడులోనే తీశారు. నాకు మెడలో చిన్న మైకు తగిలించారు. చుట్టూ ముగ్గురు. ముగ్గురూ నా నోటివైపే చూస్తున్నారు. ఆమెన్ అనడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉన్నారు.

ఇంక నన్ను పట్టేదెవరు? హాలును మూడింతలు చేశాను. నిమ్మకాయల బస్తా పగిలి కాయలు దొర్లాయన్నాను. మాధవరావు పాడుతుంటే పెట్టె దానంతటది మోగిందన్నాను. “మరి పోలయ్యగారి గొంతు ఎందుకు పోయింది తాతగారూ?” అని నందిని అడిగింది. ఒక్క క్షణం ఉంది. ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. “ముందురోజు కల్లు తాగినాడమ్మా, మామూలు తాగుడు కాదు” అన్నాను. అందరూ నవ్వారు.

అది ఆ రోజు పుట్టిన అబద్ధం కాదు. టీ అంగట్లో చెప్పినప్పుడల్లా ఆ మజ్జిగను కొంచెం కొంచెం పులియబెడుతూ వచ్చాను. ఇన్నేళ్లకు కల్లయింది. పోలయ్య జన్మలో కల్లు ముట్టలేదు.

నెల తర్వాత నందిని ఫోనుకు ఒక ముక్క పంపింది, రెండు నిమిషాలది. వసారాలో పోలయ్యా నేనూ తలలు ఆనించి చూశాం. నా ముఖం కనిపించింది. కింద అక్షరాలు: ‘ప్రత్యక్ష సాక్షి’. ఆ మాట చూసేసరికి నా నవ్వు ఆగిపోయింది. చర్చిలో ఆ మాటను ఎన్నిసార్లు నోట్లో వేసుకుని నమిలానో. ఫోనులో నేను కల్లు సంగతి చెబుతున్నాను. పక్కన పోలయ్య ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

“కల్లా అన్నా? మజ్జిగ కదా?” అన్నాడు. ఫోను నాకిచ్చేశాడు. “ఏమోలే. నువ్వు పక్కనే ఉండావు గదా. నువ్వు చెప్తే అదే అయ్యుంటాది.”

తన నోట్లోకి ఏం పోయిందో కూడా నా మాట మీద నమ్మేశాడు. నా వేలు ఎక్కడుంటే అతని గొంతు అక్కడ. ఇప్పుడు జ్ఞాపకం కూడా అక్కడే.

పెట్టె తెరిచాను. “రాజు పద్యం పాడు పోలయ్యా” అన్నాను. నాలుగున్నర పట్టాను. పాడాడు. వయసు వచ్చింది కానీ చివరి రాగం నిలబడింది. “మళ్లీ పాడు” అన్నాను. ఈసారి పక్క మెట్టు. అదే చోట చీలింది. “ముసలోణ్ణయినా” అని నవ్వాడు.

“ముసలితనం కాదబ్బయా. గూడూరులో ఈ మెట్టే పట్టినా.” రెండు మెట్లూ వేలితో చూపించాను. “ఇది నీది. ఇది నేను పట్టింది.”

అతను మెట్లవైపు చూశాడు.

“తెలిసే పట్టినావా?”

“తెలిసే.”

“ఎందుకు?”

“నువ్వు పోతావని.”

లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అన్నం వడ్డించమంటారా అని మా ఇంటామె లోపలి నుంచి అడుగుతుండగానే వసారా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు నందినికి ఫోను చేసి చెప్పాను. ఆ అమ్మాయి తెలివైనది. “తాతగారూ, మొన్న కల్లన్నారు, ఇవాళ మెట్టంటున్నారు. రేపేమంటారు?” అంది. తర్వాత మెత్తబడింది. నా చేత్తో రాసి సంతకం చేసిస్తే కల్లు ముక్క తీసేసి, మళ్లీ వచ్చి తీస్తామంది. రాసిచ్చాను. ఏం చేశానో అందులో ఉంది. ఎందుకు చేశానో వాళ్లు అడగలేదు. అది మీకు రాస్తున్నాను.

ఇంకొకటి కూడా అందులో లేదు. ఆ యాభై ఏళ్ల సాయంత్రాలు వెనక్కి ఇచ్చెయ్యి, పోలయ్యను మద్రాసు పంపుతాను అని ప్రభువే వచ్చి అడిగితే ఇస్తానా? చాలా రోజులు ఆలోచించాను. ఇవ్వలేను. పశ్చాత్తాపం అంటే ఇదేనా? కాదని నాకు తెలుసు. పాస్టరుగారికి చెబితే దీనికి ఆమెన్ పడదు. అయినా ఉన్నది ఇదే. మొదటిసారి పెంచలేదు, తగ్గించలేదు. చెప్పేశాక ఒళ్లు తేలికగా ఉంది, అందుకు సిగ్గుగానూ ఉంది.

మూడు రోజులు పోలయ్య రాలేదు. ఆ మూడు రోజులూ మా ఇంటామె ముగ్గురికీ వండింది, నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దు వాలుతుండగా వచ్చాడు. చేతిలో మెత్తళ్ల పొట్లం లేదు. రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు. పెట్టె తెరిచాను. అతను దాన్ని ముట్టుకోలేదు, కళ్లకు అద్దుకోలేదు.

“ఎంతలో ఉండావు?” అన్నాడు. అన్నా అనలేదు.

“నాలుగున్నర.”

ఇప్పుడు రోజూ ఇంతే. రోజూ వస్తాడు, రోజూ అడుగుతాడు, నేను చెబుతాను. చెప్పగానే ఎత్తుకోడు. పెట్టె మీదికి వంగి చెవి పెడతాడు. తనలో తాను సన్నగా కూనిరాగం తీసి చూసుకుంటాడు, డెబ్బై దాటిన వయసులో, మొదటిసారి తన నేల తానే తడుముకుంటూ. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. అంతసేపూ నేను వేలు కదపను.